పని పూర్తయ్యాక... సెలవు!

ఆపరేషన్‌లో లోపల వదిలేసిన దారం ఏమవుతుంది? ఎముకకు బిగించిన స్క్రూ ఎటు పోతుంది? వైద్యులు 'అదే కరిగిపోతుంది' అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ ఒక్క ముక్క వెనక దాదాపు అరవై ఏళ్ల పరిశోధన ఉంది. గెలుపులున్నాయి... కొన్ని చేదు అనుభవాలూ ఉన్నాయి.

'కుట్లు విప్పించుకోడానికి మళ్లీ రానక్కర్లేదండీ... అవే కరిగిపోతాయి!'

సిజేరియన్‌ అయిన తల్లినో, హెర్నియా ఆపరేషన్‌ చేయించుకున్న పెద్దాయననో ఇంటికి పంపేటప్పుడు నర్సులు చెప్పే మాట ఇది. విన్నవాళ్లు 'హమ్మయ్య' అనుకుంటారు. ఆస్పత్రికి ఇంకోసారి తిరిగే పని తప్పిందని సంతోషిస్తారు. తర్వాత ఆ దారం సంగతే మర్చిపోతారు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఉప్పు నీళ్లలో కరిగినట్టు ఆ దారం కూడా కరిగిపోతే గాయం మానకముందే కుట్లు ఊడిపోవూ? పోనీ, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే ఒళ్లు ఊరుకుంటుందా? కరిగిందనే అనుకుందాం... ఆ కరిగిందంతా ఎక్కడికి పోయినట్టు?

ఇది దారంతోనే అయిపోలేదు. మోకాలి లిగమెంటు తెగితే బిగించే స్క్రూలు, పసిపిల్లల పుర్రె ఎముకలకు వేసే ప్లేట్లు, రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు... వీటన్నింటిలోనూ కరిగే రకాలు వచ్చాయి. ఏ రకమైనా అది నెగ్గాల్సిన పరీక్ష ఒక్కటే. మాయమవడం కాదు, సరైన సమయానికి మాయమవడం! తొందరపడితే ఒక ప్రమాదం. ఆలస్యమైతే ఇంకో ప్రమాదం. ఆ లెక్క కుదిరినచోట రోగికి రెండో ఆపరేషన్‌ తప్పింది. తప్పినచోట కొత్త బాధ మొదలైంది.

చీమ తల నుంచి గొర్రె పేగు దాకా

పని అయ్యాక ఒంట్లో మిగలని కుట్టు కావాలన్న ఆలోచన కొత్తదేం కాదు. పేగుకు చిల్లు పడితే అంచులను దగ్గరకు చేర్చి నల్లచీమలతో కరిపించాలని సుశ్రుత సంహిత చెబుతుంది. అవి గట్టిగా పట్టుకున్నాక మొండెం తుంచేసి, తలలను అలాగే ఉంచి పేగును లోపలికి సర్దేసేవారట!

ఆ తర్వాత వందల ఏళ్లపాటు వైద్యులకు దిక్కు 'క్యాట్‌గట్‌'. పేరులో పిల్లి ఉన్నా దానికీ పిల్లికీ సంబంధం లేదు. గొర్రెల, పశువుల పేగు పొరల నుంచి తీసే దారమది. ఆపరేషన్లలో క్రిములను చంపే పద్ధతికి ఆద్యుడైన బ్రిటిష్‌ వైద్యుడు జోసెఫ్‌ లిస్టర్‌ 1860ల చివర్లో దాన్ని కార్బాలిక్‌ ఆమ్లంతో శుద్ధి చేసి వాడారు. తోళ్లను శుద్ధి చేసినట్టు క్రోమియం లవణాలతో శుద్ధి చేస్తే ఇంకొన్ని రోజులు ఎక్కువ నిలుస్తుందని కూడా తేలింది.

అయితే క్యాట్‌గట్‌తో ఓ చిక్కుంది. అది మాంసం లాంటి పదార్థమే. ఒంట్లోని ఎంజైములు దాన్ని అరిగిస్తాయి. తిన్న అన్నం అందరికీ ఒకేలా అరగనట్టే ఈ దారం కూడా ఒకరి ఒంట్లో ఒకలా, ఇంకొకరి ఒంట్లో ఇంకోలా అరిగేది. చీము పట్టిన గాయంలో అయితే మరీ త్వరగా సత్తువ కోల్పోయేది. పైగా పరాయి జీవి మాంసకృత్తు కాబట్టి చుట్టూ వాపు కూడా ఎక్కువే. పిచ్చి ఆవు వ్యాధి భయంతో 2001లో యూరప్‌లో మనుషుల ఆపరేషన్లకు దీని వాడకం ఆగిపోయింది. అప్పటికే దాని స్థానాన్ని ఇంకో దారం ఆక్రమించేసింది. అది పుట్టింది పశువుల కొట్టంలో కాదు... రసాయనశాలలో!

పనికిరాదన్నదే పనికొచ్చింది

1930ల్లో అమెరికాలోని డ్యూపాంట్‌ కంపెనీలో వాలెస్‌ కారొథర్స్‌ అనే శాస్త్రవేత్త ఉండేవారు. నైలాన్‌ను కనిపెట్టింది ఆయనే. లాక్టిక్‌ ఆమ్లం లాంటి పదార్థాల అణువులను గొలుసుల్లా కలిపి పాలిమర్లు చేసే ప్రయత్నాలూ అక్కడ జరిగాయి. కానీ అవి నీళ్లు తగిలితే నిలిచేవి కావు. తడి తగిలితే పాడయ్యే పోగుతో బట్టలేం నేస్తారు? అలా అవి మూలనపడ్డాయి.

ఆ లోపమే వైద్యులకు వరమైంది! మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా. నీటితో విడిపోయే పదార్థమైతే ఎంజైములతో పని లేదు. మనిషి మారినా నీరు మారదు. కాబట్టి ఆ దారం ఎన్నాళ్లు నిలుస్తుందో ముందే లెక్క వేయొచ్చు.

1966లో అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్‌ రీడ్‌ వైద్య కేంద్రంలో ఆర్‌.కె.కులకర్ణి, ఆయన సహచరులు ఈ దారిలో పెద్ద అడుగు వేశారు. పాలీలాక్టిక్‌ ఆమ్లం (పీఎల్‌ఏ) జంతువుల ఒంట్లో హాని చేయకుండా నెమ్మదిగా విడిపోతోందని, దాన్ని శస్త్రచికిత్సల్లో వాడొచ్చని ప్రకటించారు. మరోపక్క అమెరికన్‌ సయనమిడ్‌ కంపెనీలో ఎడ్వర్డ్‌ ష్మిట్‌, రాకో పోలిస్టినా అనే రసాయన శాస్త్రవేత్తలు గ్లైకాలిక్‌ ఆమ్లం గొలుసుతో, అంటే పీజీఏతో దారం తీశారు. 1967లో పేటెంటు వచ్చింది. 1970 కల్లా అది 'డెక్సాన్‌' పేరుతో ఆపరేషన్‌ థియేటర్లలో అడుగుపెట్టింది. 1974లో గ్లైకాలిక్‌, లాక్టిక్‌ ఆమ్లాలను 90:10 పాళ్లలో కలిపి ఎథికాన్‌ కంపెనీ 'విక్రిల్‌' తెచ్చింది. ఇవాళ మన ఊళ్లలోని నర్సింగ్‌హోముల్లోనూ సర్జన్ల నోట ఎక్కువగా వినిపించే పేరు అదే.

ఇక్కడ మనవాడి ప్రస్తావన ఒకటి చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి 1948లో కన్నుమూసేదాకా పరిశోధనలు నడిపించిన లెడర్లీ లేబొరేటరీస్‌ ఆ సయనమిడ్‌ కంపెనీలో భాగమే. అంతకుముందు 1927లో ఫిస్కేతో కలిసి ఆయన కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పనిచేయడానికి లాక్టిక్‌ ఆమ్లమే మూలమని అప్పటిదాకా ఉన్న నమ్మకాన్ని కుదిపేసిన ఆవిష్కరణ అది. ఆ లాక్టిక్‌ ఆమ్లమే ఇప్పుడు మన కథలో ముఖ్య పాత్ర!

కరగదు... తెగుతుంది!

నిజానికి 'కరిగే కుట్లు' అన్న మాటే సరికాదు. పంచదార కరిగినట్టు ఈ దారం కరగదు. తెగుతుంది. అదెలాగంటే...

ఓ పొడవాటి మల్లెదండను ఊహించుకోండి. ఒక్కో పువ్వు ఒక లాక్టిక్‌ ఆమ్లం అణువు లేదా గ్లైకాలిక్‌ ఆమ్లం అణువు. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఒక ముడి. ఆ ముడిని రసాయన శాస్త్రంలో ఎస్టర్‌ బంధం అంటారు. ఇలాంటి లక్షల దండలు పెనవేసుకుంటే ఒక దారం. ఒంట్లోని నీటి అణువులు మెల్లగా దారంలోకి దూరి, ఎక్కడ దొరికితే అక్కడ ఆ ముడులను తెంచుతుంటాయి. దీన్నే జలవిశ్లేషణ అంటారు. అది మూడు దశల్లో జరుగుతుంది.

మొదటి దశలో దండలు చిన్నవవుతాయి. పైకి మాత్రం ఏ మార్పూ ఉండదు. దారం బరువూ తగ్గదు, రూపమూ మారదు. రెండో దశలో బలం పడిపోతుంది. దండలు పొట్టివైపోవడంతో వాటి మధ్య పట్టు సడలుతుంది. లాగితే తెగే స్థితికి వస్తుంది. ఇక మూడో దశలోగానీ దారం ముక్కలై అసలు పదార్థం తగ్గడం మొదలుకాదు.

అంటే దారం కనపడుతున్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు! ఉదాహరణకు విక్రిల్‌నే తీసుకోండి. రెండు వారాలకు దాని బలం దాదాపు 75 శాతం మిగులుతుంది. మూడు వారాలకు సగం. నాలుగు వారాలకు పావు వంతు. కానీ అది పూర్తిగా ఒంట్లోంచి పోవడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే సగం కాలం అది లోపల ఉన్నా లేనట్టే. ఆలోపు గాయమే తన బలం తాను తెచ్చుకుంటుంది.

మరి తెగిన ముక్కలేమవుతాయి? బాగా చిన్నవి ఒంట్లోని ద్రవంలో కలిసిపోతాయి. కాస్త పెద్ద తునకలను మాక్రోఫేజ్‌లనే కణాలు మింగేస్తాయి. మన ఒంట్లో పారిశుద్ధ్య సిబ్బంది అవే. చివరికి మిగిలేది లాక్టిక్‌ ఆమ్లం, గ్లైకాలిక్‌ ఆమ్లం. లాక్టిక్‌ ఆమ్లం ఒంటికి కొత్త చుట్టమేం కాదు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోనే రోజుకు వంద గ్రాములకు పైగా తయారై ఖర్చవుతుంటుంది. ఒక కుట్టు బరువు గ్రాములో చిన్న భాగం. అది నెలల పాటు కొద్దికొద్దిగా విడుదలైతే ఒంటికి ఓ లెక్కా! అన్నం అరిగి శక్తిగా మారే దారిలోనే అదీ నడిచి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుతుంది. గ్లైకాలిక్‌ ఆమ్లంలో కొంత మూత్రంలో పోతుంది, కొంత గ్లైసిన్‌ అనే అమైనో ఆమ్లంగా మారి ఒంటికే పనికొస్తుంది. కుట్టుగా లోపలికి వెళ్లినది చాలావరకు ఊపిరిగా బయటికి వస్తుందన్నమాట!

వేగం ఎవరి చేతిలో?

పీజీఏ త్వరగా తెగుతుంది. పీఎల్‌ఏ నెమ్మది. రెండింటికీ తేడా చిన్నదే. లాక్టిక్‌ ఆమ్లం ప్రతి అణువుకూ పక్కన మిథైల్‌ అనే బుల్లి గుంపు అదనంగా వేలాడుతుంటుంది. దానికి నీరంటే గిట్టదు. తామరాకులా నీటిని దూరం పెడుతుంది. అందుకే ముడులు ఆలస్యంగా తెగుతాయి.

ఈ రెంటినీ కలిపే పాళ్లను బట్టి కాలాన్ని అమర్చుకోవచ్చు. సగం సగం కలిపితే ఒకటి రెండు నెలల్లో విడిపోతుంది. లాక్టిక్‌ పాలు 75 శాతానికి పెంచితే నాలుగైదు నెలలు, 85 శాతం చేస్తే ఐదారు నెలలు. వంట తెలిసిన చేతికి ఉప్పూకారాల పాళ్లు తెలిసినట్టే, ఇక్కడ రసాయన శాస్త్రవేత్తకు పాళ్లు తెలియాలి.

అణువులు సర్దుకునే తీరు కూడా ముఖ్యమే. కొన్నిచోట్ల దండలు పెట్టెలో మడతపెట్టిన చీరల్లా ఒద్దికగా పేర్చి ఉంటాయి. వాటిని స్ఫటికాలంటారు. వాటి మధ్యకి నీరు అంత తేలిగ్గా వెళ్లలేదు. చిందరవందరగా ఉన్న భాగాలు ముందు తెగిపోతే ఈ స్ఫటికాలు చివరిదాకా మొండికేస్తాయి. స్ఫటికాలు ఎక్కువుండే పీఎల్‌ఎల్‌ఏ అనే రకం పూర్తిగా పోవాలంటే రెండేళ్ల నుంచి ఐదేళ్లు దాటి కూడా పట్టొచ్చు.

అందుకే సర్జన్‌ చేతిలో ఒకే దారం ఉండదు. లోపలి సున్నితమైన పొరకు ఐదు రోజులకే సగం బలం కోల్పోయే రకం చాలు. పొట్ట గోడ అలా కాదు. దగ్గినా, తుమ్మినా ఒత్తిడి పడుతుంది, మానడానికీ చాలా వారాలు పడుతుంది. అక్కడ పీడీఎస్‌ లాంటి దారం కావాలి. నాలుగు వారాలకు కూడా దాని బలం దాదాపు సగం ఉంటుంది. పూర్తిగా పోవడానికి ఆరు నెలలు దాటుతుంది.

ఇంకో సంగతి. ఒంట్లో నీరు చేసే పనిని బయట గాలిలోని తేమ కూడా చేస్తుంది. అందుకే ఈ దారాలు తేమ దూరని రేకు పొట్లాల్లో వస్తాయి. మామూలు పరికరాల్లా వీటిని ఆవిరిలో శుద్ధి చేయడానికి వీల్లేదు, చేస్తే లోపలే తెగిపోతాయి. ఫ్యాక్టరీలోనే ఇథిలీన్‌ ఆక్సైడ్‌ వాయువుతో శుద్ధి చేసి పంపుతారు. ఉక్కపోత ఎక్కువుండే మన కోస్తా ఊళ్లలో అయితే పొట్లం విప్పి మిగిలిన దారాన్ని దాచుకుని మళ్లీ వాడదామనుకోవడం మరీ పొరపాటు.

చెదపట్టిన గుమ్మంలా...

సబ్బుబిళ్లను చూడండి. వాడేకొద్దీ పైనుంచి అరుగుతుంది. పదిరోజుల తర్వాత చిన్నదవుతుందిగానీ లోపల గట్టిగానే ఉంటుంది. ఒంట్లో పెట్టే కొన్ని పాలిమర్లు ఇలాగే అరుగుతాయి. మెదడులో కణితి తీసేశాక ఆ ఖాళీలో ఉంచే 'గ్లయాడెల్‌' బిళ్లలు ఆ కోవలోవే. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఆ బిళ్లలు పైపొర అరిగేకొద్దీ కొంచెం కొంచెంగా కేన్సర్‌ మందును విడుదల చేస్తాయి.

పీఎల్‌ఏ, పీజీఏ అలా కాదు. నీరు లోపలికంటా ఇంకుతుంది, తెగడం అంతటా ఒకేసారి మొదలవుతుంది. 1990 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మాంటిపెలియర్‌లో మిషెల్‌ వెర్‌, సూమింగ్‌ లీ బృందం మరో విచిత్రాన్ని గమనించింది. మందంగా ఉండే ముక్కల్లో పైభాగం కన్నా లోపలి భాగం త్వరగా పాడవుతోంది! కారణం ఏమిటంటే... పైన పుట్టిన ఆమ్లం చుట్టూ ఉన్న ద్రవంలో కలిసి వెళ్లిపోతుంది. లోపల పుట్టిన ఆమ్లానికి దారి లేదు. అక్కడే పోగై మిగతా ముడులను మరింత వేగంగా తెంచుతుంది. చెదపట్టిన గుమ్మం పైకి నున్నగా ఉండి లోపల గుల్లయినట్టన్నమాట.

దీని ఫలితం చిన్నది కాదు. సన్నని దారానికి సరిపోయే లెక్క లావుపాటి స్క్రూకు సరిపోదు. పై పెంకు పగిలిన రోజున లోపల పోగైన ఆమ్లమూ తునకలూ ఒక్కసారిగా బయటపడతాయి. పారిశుద్ధ్య కణాలు ఎంతని ఎత్తిపోస్తాయి?

లెక్క తప్పినప్పుడు...

ఎముక విరిగితే లోపల రాడ్డో ప్లేటో వేసి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కోసి తీయడం మనకు తెలిసిందే. ఆ రెండో కోతను తప్పించాలని ఫిన్లాండ్‌లో పెంటీ రొక్కానెన్‌ బృందం 1984లో చీలమండ విరిగినవాళ్లకు కరిగే కడ్డీలు వేయడం మొదలుపెట్టింది. చాలామందికి బాగా అతికింది. అయితే కొందరికి రెండు మూడు నెలల తర్వాత, ఎముక కూడా అతికేశాక, ఆ చోట ఎర్రగా వాచి పుండులా పగిలి ద్రవం కారేది. పరీక్షిస్తే క్రిములేమీ కనిపించేవి కావు. అది చీము కాదు, పాలిమర్‌ తునకలు కలిసిన ద్రవం!

హెల్సింకీ వైద్యులు మొత్తం 2,528 మంది రోగుల వివరాలను 2000లో ప్రచురించారు. అందులో 108 మందికి, అంటే 4.3 శాతం మందికి ఇలాంటి ఇబ్బంది వచ్చింది. ఒక్కరు తప్ప అందరూ పీజీఏ వేయించుకున్నవారే. సగటున 11 వారాలకు అది బయటపడింది. పీజీఏ విడిపోయే వేగం ఒళ్లు శుభ్రం చేసుకునే వేగాన్ని దాటిపోయిందని అర్థమైంది.

'అయితే నెమ్మదిగా పోయేదాన్నే వాడదాం' అంటారా? నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌ వైద్యులూ అదే అనుకున్నారు. చెంప ఎముక విరిగిన పదిమందికి పీఎల్‌ఎల్‌ఏ ప్లేట్లు, స్క్రూలు బిగించారు. ఎముకలు చక్కగా అతికాయి. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మూడేళ్ల తర్వాత వారిలో నలుగురు చెంపమీద వాపుతో తిరిగొచ్చారు! వాపు దగ్గర కణజాలం తీసి చూస్తే ఏముంది? ప్లేటు ముక్కలైందిగానీ పోలేదు. మొండి స్ఫటికాల తునకలు చుట్టూ ఉన్న కణాల లోపల నిండి ఉన్నాయి. ఈ అనుభవాన్ని ఆ వైద్యులు దాచుకోలేదు. 1990ల్లో వివరంగా ప్రచురించారు. తర్వాత తయారైన పరికరాల్లో స్ఫటికాలు తక్కువుండే మిశ్రమాలు రావడానికి ఇలాంటి అనుభవాలే దారి చూపాయి.

గుండెకు పెట్టిన గొట్టం

అందరినీ ఆశపెట్టింది కరిగే స్టెంటు. గుండె రక్తనాళం పూడుకుపోతే బెలూన్‌తో తెరిచి, మళ్లీ మూసుకోకుండా లోహపు జాలీ గొట్టం ఉంచుతారు. 1990ల్లో హైదరాబాద్‌లో అబ్దుల్‌ కలాం, డాక్టర్‌ సోమరాజు కలిసి రూపొందించిన చవక స్టెంటు కూడా లోహంతో చేసిందే. నాళానికి ఆసరా కావాల్సింది కొన్ని నెలలే. లోహం మాత్రం జీవితాంతం అక్కడే. అది కూడా కరిగిపోతే ఎంత బాగుంటుంది!

జపాన్‌లో హిడియో తమాయ్‌ బృందం పీఎల్‌ఎల్‌ఏ స్టెంటును మనుషుల్లో తొలిసారి వాడి 2000లో ఫలితాలు ప్రకటించింది. తర్వాత అబాట్‌ కంపెనీ 'అబ్సార్బ్‌' వచ్చింది. మూడేళ్లలో మాయమయ్యే ఆ స్టెంటుకు 2011లో యూరప్‌లో, 2016 జులైలో అమెరికాలో అనుమతి లభించింది. మన దేశంలోనూ వాడారు. లక్ష రూపాయలు దాటి పలికిన ఆ స్టెంటు ధర 2017 ఫిబ్రవరిలో కేంద్రం విధించిన పరిమితితో రూ.29,600కు దిగింది.

ఆ సంవత్సరమే కథ అడ్డం తిరిగింది. పాలిమర్‌కు లోహమంత బలం ఉండదు. కాబట్టి ఆ జాలీ తీగలను దాదాపు 150 మైక్రాన్ల మందంతో చేయాల్సి వచ్చింది. కొత్తతరం లోహపు స్టెంట్లలో అది 80 మైక్రాన్లే. లావు తీగలు రక్తప్రవాహానికి అడ్డుపడతాయి, అక్కడ రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. అమెరికాలో సుమారు రెండు వేల మందిపై జరిగిన అధ్యయనంలో రెండేళ్లకు స్టెంటులో గడ్డకట్టిన వారు లోహపు స్టెంట్లలో 0.8 శాతమైతే, అబ్సార్బ్‌లో 1.9 శాతం. 2017 సెప్టెంబర్‌లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా అమ్మకాలు ఆపేసింది.

ఇక్కడితో అయిపోలేదు. ఆ రోగులను ఐదేళ్లదాకా గమనించినప్పుడు తేలిందేమిటంటే... అదనపు ప్రమాదమంతా మొదటి మూడేళ్లలోనే! స్టెంటు పూర్తిగా పోయాక రెండు వర్గాలకూ తేడా లేదు. ఆలోచన తప్పు కాదు, ఉన్నన్నాళ్లు ఉన్న తీరే తప్పన్నమాట. దాంతో తీగలను సన్నబరిచే పని మొదలైంది. గుజరాత్‌ కంపెనీ మెరిల్‌ 100 మైక్రాన్ల తీగలతో 'మెరెస్‌100' చేసింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం 'ఎస్ప్రీ' అనే కొత్త కరిగే స్టెంటుకు అనుమతినిచ్చింది. అయితే గుండెకు కాదు... మోకాలి కింది రక్తనాళాలకు. ఆ నాళాలు పూడుకుపోతే పాదానికి రక్తం అందక పుండ్లు పడి కాలు తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. మధుమేహులకు ఆ భయం ఎక్కువ.

ఎదిగే ఒంటికి ఎదురులేని సాయం

లెక్క చక్కగా కుదిరిన చోటు చూడాలంటే పసిపిల్లల దగ్గరికి రావాలి. పుట్టుకతో పుర్రె ఎముకలు ముందే అతుక్కుపోయిన పిల్లలకు వాటిని విడదీసి, సరిచేసి ప్లేట్లు బిగించాలి. లోహపు ప్లేటు వేస్తే పుర్రె ఎదిగేకొద్దీ అది లోలోపలికి జరిగిపోయే ప్రమాదం ఉంది. 1996లో అమెరికాలో వచ్చిన 'లాక్టోసార్బ్‌' ప్లేట్లలో లాక్టిక్‌, గ్లైకాలిక్‌ పాళ్లు 82:18. ఎనిమిది వారాలకు కూడా వాటి బలం దాదాపు 70 శాతం నిలుస్తుంది. పిల్లల ఎముక అతకడానికి అది చాలు. ఏడాది, ఏడాదింబావులో ప్లేటు ఉండదు. తల ఎదగడానికి అడ్డూ ఉండదు.

మిషిగన్‌ విశ్వవిద్యాలయంలో 2012లో జరిగింది ఇంకా గొప్పది. ఓ పసిబిడ్డ ఊపిరిగొట్టం మెత్తబడి మాటిమాటికీ మూసుకుపోతోంది. డాక్టర్‌ గ్లెన్‌ గ్రీన్‌, ఇంజినీర్‌ స్కాట్‌ హోలిస్టర్‌ కలిసి త్రీడీ ప్రింటర్‌తో పాలీకాప్రోలాక్టోన్‌ అనే పాలిమర్‌తో ఓ చిన్న తొడుగు చేశారు. దాన్ని గొట్టం బయట తొడిగి కుట్టారు. గొట్టం పెరిగేకొద్దీ తొడుగూ విచ్చుకుంటుంది. సుమారు మూడేళ్లలో అది మాయమయ్యేలోపు ఊపిరిగొట్టం తన కాళ్లమీద తాను నిలబడుతుంది. 2013లో ఈ వివరాలు వైద్య పత్రికలో వచ్చాక ప్రపంచమంతా దీని గురించి మాట్లాడుకుంది.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి

* ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని భద్రంగా దాచండి. లోపల ఏ దారం వాడారో, ఏ స్క్రూ లేదా ప్లేటు వేశారో అందులో రాయమని అడగండి. పాలిమర్‌ స్క్రూలు, ప్లేట్లు మామూలుగా ఎక్స్‌రేలో కనపడవు. మూడేళ్ల తర్వాత వాపు వస్తే లోపల ఏముందో కొత్త డాక్టర్‌కు చెప్పేది ఆ కాగితమే.

* నెల తర్వాత గాయం దగ్గర దారం కొస బయటికి పొడుచుకొస్తే లాగకండి. డాక్టర్‌కు చూపిస్తే నిమిషంలో కత్తిరించేస్తారు.

* జ్వరం, ఎర్రదనం, చీము, పెరుగుతున్న నొప్పి ఉంటే 'కుట్లు కరుగుతున్నాయిలే' అనుకుని ఊరుకోవద్దు. అది ఇన్ఫెక్షన్‌ కావొచ్చు.

* దారం కనిపిస్తోంది కదా అని బరువులెత్తకండి. దారం ఉన్నా దాని బలం అప్పటికే తగ్గిపోయి ఉండొచ్చు. ఎన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలో డాక్టర్‌నే అడగండి.

* కరిగే స్టెంటు వేయించుకున్నవారు 'అది పోయింది కదా' అని సొంతంగా మందులు మానేయొద్దు. స్టెంటు పోయినా దాన్ని తెచ్చిపెట్టిన జబ్బు పోదు.

లోపల వేసేది ఏదైనా ఆపరేషన్‌కు ముందే రెండు ప్రశ్నలు అడగడం మంచిది. 'ఇది ఎన్నాళ్లు బలంగా ఉంటుంది? పూర్తిగా పోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?' ఈ రెంటికీ జవాబు ఒకటే కాదని తెలిసిన రోగికి, ఇంటికొచ్చాక ఏ వారం ఎంత జాగ్రత్తగా ఉండాలో కూడా తెలుస్తుంది.